లిబరలిజం మీద చర్చలో అసలు పాయింట్ పక్కకి పోయింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఈమధ్య లిబరలిజం మీద వచ్చిన వ్యాసాలు, వాటికి పాఠకులు రాసిన ఉత్తరాలు అన్నీ చదివాను. ఒకరేమో లిబరలిజం అంటే ఎవరికి నచ్చినట్టు వాళ్లు తిరగడం, కట్టుబాటు అనేదే లేకపోవడం అని తిట్టారు, ఇంకొకరు అదంతా డబ్బున్నోళ్ల కోసం పుట్టిన సిద్ధాంతం అని తేల్చేశారు. రెండో ఆయన మాటలో కొంత నిజం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను, కానీ అసలు పాయింట్ ఇద్దరూ వదిలేశారు అనిపించింది, అందుకే రాస్తున్నా, కాస్త పెద్దదైనా వేయండి.

నాకు అర్థమైనంతలో లిబరలిజం, అంటే ఉదారవాదం, దాని మూలం ఒక్కటే. ఒక మనిషిని ఆపాలన్నా, బలవంతం చెయ్యాలన్నా ఎందుకో కారణం చెప్పాల్సింది ఆపేవాళ్లు. వాళ్లు రాజైనా సరే, మతపెద్దలైనా సరే, ఎన్నికల్లో గెలిచిన గవర్నమెంటైనా సరే, ఊరంతా ఒక్కటై వచ్చినా సరే. నేనెందుకు ఇలా బతుకుతున్నానో అందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని నాకు లేదు. రాజ్యాంగాలు, కోర్టులు, పత్రికా స్వేచ్ఛ అన్నీ ఈ ఒక్క పట్టు మీదే నిలబడ్డాయి.

ఇది తీరిగ్గా కూర్చుని ఎవరో కన్న కల కాదండీ. యూరప్‌లో క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు మతం పేరుతో తరాల తరబడి చంపుకున్నారు, జర్మన్ రాజ్యాల్లో అయితే 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్లు యుద్ధం నడిచింది, ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయిపోయాయి. అదంతా అయ్యాక 1689లో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ మత సహనం మీద లేఖ అచ్చువేసి అందులో ఏమన్నారంటే, బలవంతం చేసి మనిషి చేత పైపైన ప్రార్థన చేయించగలరు గానీ లోపల నమ్మించలేరు, అలాంటప్పుడు నమ్మకం విషయంలో రాజ్యానికి ఏం పని అని. ఇంగ్లండ్‌లో హక్కుల బిల్లు కూడా ఆ ఏడాదే వచ్చింది, పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయడానికి వీల్లేదని. తర్వాత 1748లో ఫ్రెంచ్ రచయిత మాంటెస్క్యూ చట్టం చేసే పవర్, అమలు చేసే పవర్, తీర్పు చెప్పే పవర్ ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ మిగలదన్నారు, 1789లో ఫ్రాన్స్ మానవ హక్కుల ప్రకటన చేసింది. ఇదంతా స్కూలు పుస్తకాల్లో ఉండేదే.

స్కూలు పుస్తకాల్లో తక్కువ కనపడేది ఏంటంటే, ఈ మాటలు చెప్పినవాళ్లే చాలామందిని లెక్కలోంచి తీసేశారు. సహనం గురించి అంత రాసిన లాక్ నాస్తికులకి మాత్రం ఆ సహనం వర్తించదన్నారు, బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయనకి వాటాలు కూడా ఉండేవి. ఫ్రాన్స్ ప్రకటనలో ఆడవాళ్లు లేరని ఫ్రెంచ్ రచయిత్రి ఒలింప్ ద గూజ్ 1791లో ఆడవాళ్ల హక్కుల ప్రకటన రాసింది, ఉరికంబం ఎక్కే హక్కు స్త్రీకి ఉన్నప్పుడు ఉపన్యాస వేదిక ఎక్కే హక్కు కూడా ఉండాలి కదా అని అందులోనే అడిగింది. రెండేళ్లకి ఆమెని గిలటిన్‌కి, అంటే తల నరికే యంత్రానికి పంపారు. బ్రిటన్ 1833లో బానిసత్వం రద్దు చట్టం చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకి కేటాయించారు, బానిసలుగా బతికినవాళ్లకి పైసా ఇవ్వలేదు. ఇవి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఇది చిన్న తప్పు కింద సర్దుకుపోయే విషయం కానే కాదు.

కానీ అలా లెక్కలోంచి తీసేస్తే బయట మిగిలినవాళ్లు ఏం చేశారో కూడా చూడాలి కదా. 1852లో ఫ్రెడరిక్ డగ్లస్, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషి, అమెరికా స్వాతంత్ర్య దినం గురించి మాట్లాడుతూ ఈ పండగ బానిసకి ఏమవుతుంది అని నిలదీశాడు, అంటే వాళ్లు రాసుకున్న స్వాతంత్ర్య ప్రకటననే వాళ్ల ముందు పెట్టి జవాబు చెప్పమన్నాడు. ఆడవాళ్లు ఓటు కోసం పోరాడినప్పుడు కూడా అదే ప్రశ్న అడిగారు, మమ్మల్ని ఆపడానికి మీ దగ్గరున్న కారణం ఏంటి అని. దానికి నిలబడే జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది.

ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మొదటి పాఠకుడికి జవాబు అక్కడే ఉంది. 1859లో ఆయన స్వేచ్ఛ మీద రాసిన పుస్తకంలో, ఒకరి మీద వాళ్ల ఇష్టానికి వ్యతిరేకంగా బలం వాడాలంటే ఇతరులకి హాని జరగకుండా ఆపడం ఒక్కటే న్యాయమైన కారణం అన్నారు, వాళ్ల మంచి కోసమే అనడం సరిపోదు. అంటే హద్దు లేదని కాదు, హద్దు ఎక్కడో చాలా స్పష్టంగా గీశారు. ప్రభుత్వం కంటే సమాజం చేసే ఒత్తిడి ఇంకా లోతుగా పట్టేస్తుందని కూడా రాశారు, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అనే భయంతో బతుకంతా వెళ్లదీసినవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. 1867లో ఆయన పార్లమెంటులో ఆడవాళ్లకి ఓటు కోసం సవరణ పెడితే 73 ఓట్లే పడ్డాయి. అంత చేసిన మనిషే ఈస్టిండియా కంపెనీలో 1823 నుంచి 1858 దాకా ఉద్యోగం చేశారు, అదే పుస్తకంలో వెనకబడ్డ జాతుల మీద నిరంకుశ పాలన తప్పు కాదన్నారు. ఆయన వాదనతోనే ఆ మాటని ఖండించొచ్చు, ఖండించాలి కూడా.

ఇక డబ్బున్నోళ్ల సిద్ధాంతం అన్న సంగతి. 19వ శతాబ్దంలో మార్కెట్‌ని ముట్టుకోకూడదు అన్న పట్టుదల నిజంగానే ఉండేది, పేదవాళ్లు దానికి చాలా నష్టపోయారు. అయితే దాన్ని లోపలి నుంచే ఎదిరించిన లిబరల్స్ ఉన్నారు. 1881లో ఇంగ్లిష్ తత్వవేత్త టీ.హెచ్. గ్రీన్ ఒక ఉపన్యాసంలో ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ అనేది దానికదే గొప్ప కాదు, మనిషి తన శక్తి మేరకు ఎదగడానికి పనికొస్తేనే దానికి విలువ అన్నారు. ఆకలితో ఉన్న కూలీ, ఫ్యాక్టరీ ఓనరు సంతకం పెట్టే కాగితం ఒకటే కావచ్చు, కానీ ఓనరుకి ఉన్న స్వేచ్ఛ కూలీకి లేదు. బ్రిటన్‌లో 1908లో వృద్ధాప్య పెన్షన్లు, 1911లో జాతీయ బీమా తెచ్చింది లిబరల్ పార్టీ గవర్నమెంటే. దీనికి ఎదురుగా 1944లో ఆర్థికవేత్త హయెక్ అన్నీ రాజ్యమే ప్లాన్ చేస్తే చివరికి స్వేచ్ఛ పోతుందని హెచ్చరించారు. 1971లో అమెరికన్ తత్వవేత్త రాల్స్ ఇంకో దారి చూపించారు, నువ్వు ఏ ఇంట్లో పుడతావో, ఏ తెలివితేటలతో పుడతావో తెలియకుండా సమాజం రూల్స్ రాయమంటే ఎలా రాస్తావు అని. నేనైతే గ్రీన్, రాల్స్ వైపే, హయెక్ భయం ఉత్తిది కాదని తెలిసినా.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మెజారిటీ కోరుకున్నాక ఇంకేం అడ్డు అనే వాదన మళ్లీ బలంగా వినపడుతోంది. 2014లో హంగరీ ప్రధానిగా ఉన్న విక్టర్ ఓర్బాన్ తాము కడుతున్నది లిబరల్ కాని రాజ్యం అని బాహాటంగానే చెప్పారు. ఎవరు పాలించాలి అనేదానికి ఓటు జవాబు చెప్తుంది, ఎంతవరకు పాలించాలి అనేది వేరే ప్రశ్న, మీ పేపర్లో చర్చ ఈ రెండో ప్రశ్న దాకా ఒక్కసారి కూడా రాలేదు.

అందుకని ఒక రిక్వెస్ట్ అండీ. చర్చ ఇంకా నడుపుతానంటే మిల్ పుస్తకంలో భావ ప్రకటన మీద ఉన్న రెండో అధ్యాయాన్ని, గ్రీన్ ఉపన్యాసాన్ని తేలిక తెలుగులో కుదించి రెండు ఆదివారాలు వేయండి, వాటిని తప్పుపట్టేవాళ్ల వ్యాసాలు కూడా పక్కనే వేయండి, ఆ తర్వాత పాఠకుల ఉత్తరాలు పిలవండి.

ఇట్లు,
మీ పాఠకురాలు