విజయవాడ ఆటోనగర్ షెడ్డు నుంచి మన కస్టమర్లకి: పాత లగ్జరీ కార్లు, ఈవీలు, ఇప్పటి రేట్ల సంగతి

అందరికీ నమస్తే అండి. ఈ మధ్య షెడ్డుకి వచ్చేవాళ్లు, ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ రెండే అడుగుతున్నారు. జీఎస్టీ తగ్గింది కదా పాత బెంజ్ రేటు ఎంత దిగింది అని, లేదంటే ఇవన్నీ ఎందుకు ఈవీకే, అంటే ఎలక్ట్రిక్ కారుకే వెళ్లిపోదామా అని. విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నా, అలాగే మన దగ్గర కొన్ని పద్ధతులు మారుతున్నాయి, అవీ ఇందులోనే చెప్పేస్తా.

ముందు రేట్లు. 2025 సెప్టెంబర్ 22 ముందు దాకా పెద్ద కార్ల మీద 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు, మొత్తం కలిపితే 45 నుంచి 50 శాతం దాకా పోయేది, ఇప్పుడు సెస్సు తీసేసి 40 ఒక్కటే పెట్టారు. కొత్త బెంజ్ ఎస్ క్లాస్ లాంటిదాని మీద పది లక్షల పైనే తగ్గింది. కొత్తది తగ్గాక పాతది పాత రేటుకే అమ్ముతామంటే కుదరదు కదండి, అందుకే స్టాకులో ఉన్న ప్రతి కారుకీ మళ్లీ రేటు కట్టాం, ఎక్కువ పెట్టి కొన్నవాటికి కూడా. అమ్మిపెట్టమని కారు మా దగ్గర వదిలినవాళ్లలో కొంతమందికి ఈ రేట్లు చూసి బాధేసింది, నాకు తెలుసు. కానీ ఎక్కువ వస్తుందని ఆశపెట్టి కారుని నెలల తరబడి షెడ్డులో ఎండబెట్టడం కన్నా ఉన్నమాట చెప్పడమే మీకు మంచిది. ఇంకోటి, కొంతమంది బిల్లు చూసి అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, మేం పాత కారు అమ్మితే జీఎస్టీ పడేది మా మార్జిన్ మీద, అంటే కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ మధ్య తేడా మీద, 18 శాతం, కారు మొత్తం రేటు మీద కాదు. 2025 జనవరి నుంచి పాత ఈవీలకీ అదే రూలు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. పదేళ్ల బెంజ్ ఈ-క్లాసో బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీసో ఇవాళ ఇన్నోవా రేటులోనే దొరుకుతుంది, చూసిన వెంటనే మనసు లాగేస్తుంది, నాకూ లాగుతుంది, ఈ కార్ల మీద పిచ్చితోనే కదా ఈ పనిలోకి వచ్చింది. కానీ కారు రేటు పడిపోయింది గానీ దాని పార్టుల రేటు పడలేదండి, అవి ఇప్పటికీ కొత్త లగ్జరీ కారు పార్టుల రేట్లే, పైగా యూరో వంద రూపాయలు దాటాక ఇంకా పెరిగాయి. ఏనుగుని కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు.

ఒక ఉదాహరణ దగ్గర నుంచి చూపిస్తా. బీఎండబ్ల్యూతో పాటు చాలా కార్లలో వచ్చే జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ బాక్స్ ఉంది, నా దృష్టిలో ఇంతకన్నా మంచి గేర్ బాక్స్ లేదు. అందులో ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు అని చాలామంది చెప్తారు, తయారు చేసిన జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల లోపు మార్చమంటుంది. ఫిల్టర్ విడిగా రాదు, కింద ఆయిల్ నిలిచే ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, కాబట్టి పాన్ మొత్తం మార్చాలి, ఆయిల్ నింపేటప్పుడు గేర్ బాక్స్ టెంపరేచర్ స్కానర్‌లో (కారు కంప్యూటర్‌కి తగిలించి చదివే మెషిన్) చూసుకుంటూ లెవెల్ పెట్టాలి. ఈ పని టైముకి చేయిస్తే బాక్స్ ఏళ్ల తరబడి హాయిగా నడుస్తుంది, చేయించకపోతే తర్వాత వచ్చే బిల్లు లక్షల్లోనే ఉంటుంది. అలాగే పాత బీఎండబ్ల్యూ 320డిలో వచ్చే ఎన్47 డీజిల్ ఇంజన్‌కి టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులని సరైన టైముకి తిప్పే చైన్) వెనక, గేర్ బాక్స్ వైపు ఉంటుంది. చైన్ చూడాలంటే చాలా విప్పాలి, మెటీరియల్ కన్నా లేబరే ఎక్కువవుతుంది. స్ప్రింగుల బదులు గాలి మీద నడిచే ఎయిర్ సస్పెన్షన్, పంక్చరైనా కొంత దూరం వెళ్లగలిగే రన్‌ఫ్లాట్ టైర్లు ఇవన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి.

అందుకే ఈ నెల నుంచి మన దగ్గర అమ్మకానికి పెట్టే ప్రతి కారు అద్దం మీద రేటు పక్కనే ఇంకో కాగితం ఉంటుంది. వచ్చే రెండేళ్లలో ఆ కారుకి ఏం పనులు రాబోతున్నాయి, ఒక్కోదానికి సుమారు ఎంతవుతుంది, ఇన్సూరెన్స్ ఎంత, అన్నీ రాసి పెడతాం. ఆ కాగితం చదివి వద్దనుకుని వెళ్లిపోయినా నాకేం ఇబ్బంది లేదు, కొన్నాక బండి నడపలేక ఇంట్లో కవర్ కప్పి పెట్టుకోవడం మాత్రం వద్దు.

బ్రాండ్ల మీద నా అభిప్రాయం అడిగితే, మన ఊళ్లో ఉండేవాళ్లు బెంజ్, బీఎండబ్ల్యూ దాటి వెళ్లకపోవడమే మంచిదంటాను. 2024లో మన దేశంలో మెర్సిడెస్ 19,565 కార్లు అమ్మింది, బీఎండబ్ల్యూ తన మినీ బ్రాండ్‌తో కలిపి 15,721, ఆడి ఆరు వేల లోపే. ఎక్కువ అమ్ముడయ్యే కార్లకి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పార్టు దొరుకుతుంది, రాత్రి బస్సులో వేస్తే పొద్దున్నకి ఆటోనగర్‌లో ఉంటుంది. తక్కువ అమ్ముడయ్యేవాటికి చిన్న సెన్సార్ కోసం కూడా వారాలు ఆగాలి. డబ్బులు గట్టిగా ఉండి నడపడం మీద ఇష్టం ఉన్నవాళ్లకైతే బీఎండబ్ల్యూ ఎం340ఐ తీసుకోమంటాను, ఆ మూడు లీటర్ల స్ట్రెయిట్ సిక్స్ (ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండే) పెట్రోల్ ఇంజన్ స్మూత్‌నెస్, ఆ సౌండ్, ఇంకొన్నేళ్లకి కొత్తగా కొందామన్నా దొరకకపోవచ్చు.

ఢిల్లీ డీజిల్ కార్ల గురించి కూడా. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ నడపొద్దని 2015లో ఎన్జీటీ (నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్) ఆర్డర్ ఇచ్చిన దగ్గర నుంచి ఆ కార్లు చవగ్గా మన వైపు వచ్చేస్తున్నాయి. మేం ఇకపై అవి తీసుకోం. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ అన్నీ కట్టాక మిగిలేది పెద్దగా ఏం ఉండదు, మీటర్ ఎంత తిప్పారో చెప్పేవాడూ ఉండడు. దానికన్నా నాకు భయం నీళ్లలో మునిగిన కార్లు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి, మనందరం చూశాం. ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిన బండి ఎక్కడో కడిగి పాలిష్ కొట్టించుకుని ఇంకో ఊరి నంబర్‌తో తిరిగి రావచ్చు. ఎక్కడ కొన్నా సరే సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, లోపల చుట్టలో ఉన్న భాగానికి బురద గీత ఉంటుంది, సీట్ల కింద బోల్టుల తుప్పు చూడండి, డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ లేపి కింద ఫోమ్ వాసన చూడండి. లగ్జరీ కార్లలో కంట్రోల్ మాడ్యూల్స్, అంటే కారుని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు, చాలావరకు సీట్ల కిందా డిక్కీ అడుగునా ఉంటాయి, ఒకసారి నీళ్లు తాగాయంటే ఏ నెల ఏది పోతుందో తెలీదు.

ఇక ఈవీలు. నాకు ఇష్టమే, నడిపినవాళ్లకి తెలుస్తుంది ఆ సైలెన్స్, ఆ పికప్. 2025 జనవరిలో 49 లక్షలకే బీఎండబ్ల్యూ లాంగ్ వీల్‌బేస్ ఐఎక్స్1 వచ్చింది, లగ్జరీ ఈవీ అంటే కోటి పైమాటే అనుకోనక్కర్లేదు. అదే టైములో మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఇ లాంటివి పాత జర్మన్ కారు కొందామనుకున్నవాళ్లని బాగా లాక్కున్నాయి, వాళ్ల నిర్ణయం తప్పని నేననను. కంపెనీలు కూడా మొదట చెప్పినంత స్పీడుగా వెళ్లట్లేదు, 2030కల్లా పూర్తిగా ఎలక్ట్రిక్ అన్న మాట మెర్సిడెస్, వోల్వో రెండూ 2024లోనే వెనక్కి తీసుకున్నాయి. అంటే పెట్రోల్ కార్లు ఇంకా చాలాకాలం ఉంటాయి, కంగారుపడి ఉన్న మంచి కారు అమ్మేసుకోకండి.

పాత ఈవీ రేటు పడిపోవడానికి బ్యాటరీ భయం ఒక్కటే కారణం కాదండి, ఆరు నెలలకో కొత్త మోడల్ తక్కువ రేటుకి ఎక్కువ రేంజ్‌తో (ఒక చార్జ్‌కి వెళ్లే దూరం) వస్తుంటే పాతదాన్ని ఎవరు అడుగుతారు. ఆ పడిపోయిన రేటే తెలిసి కొనుక్కునేవాడికి లాభం. అందుకే పాత ఈవీలు మేం తీసుకోవడం మొదలుపెట్టాం, పరీక్ష చేశాకే. కింద షీల్డ్ విప్పి బ్యాటరీ పెట్టె మీద స్పీడ్ బ్రేకర్ దెబ్బలు, సొట్టలు ఉన్నాయేమో చూస్తాం. స్కానర్ పెట్టి బ్యాటరీ హెల్త్ ఎంత చూపిస్తుందో తీసి, బ్యాటరీ లోపల ఉండే చిన్న చిన్న సెల్స్ వోల్టేజీలు వరసగా చదువుతాం, అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి, మిగతావాటి కన్నా ఒకటి కిందకి జారిపోతుంటే ఆ కారు వదిలేస్తాం. తర్వాత ఏలూరు దాకా ఏసీ వేసుకుని వెళ్లొచ్చి, ఎంత చార్జ్ ఖర్చయిందో అసలు లెక్క రాస్తాం. వారంటీ చాలా కార్లకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, కొన్ని కంపెనీలు లైఫ్‌టైమ్ అంటాయి గానీ అది మొదటి ఓనర్‌కే, చేతులు మారితే షరతులు మారతాయి, పేపర్ చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి.

సొంత పార్కింగ్‌లో చార్జర్ పెట్టుకునే వీలు లేకపోతే ఈవీ కొనొద్దనే చెప్తా. అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్ దగ్గర ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు హైవే మీద చార్జర్లు ఉన్నాయి, కానీ పండగ ముందు రోజు అక్కడ లైన్లో నిలబడే ఓపిక ఉండాలి. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలకి రోడ్డు ట్యాక్స్ లేదు కదా అక్కడి కారు తెచ్చుకుంటామని అడుగుతున్నారు, ఏడాది దాటి ఇక్కడే నడిపితే రిజిస్ట్రేషన్ ఇక్కడికి మార్చాల్సిందే, అప్పుడు ఎంత కట్టాలో ముందే ఆర్టీవోలో కనుక్కుని ఆ లెక్క కలుపుకోండి.

బయట ఎక్కడైనా కారు చూసుకున్నవాళ్లు కూడా ఈ పరీక్షలకి తీసుకురావచ్చు, మా దగ్గరే కొనాలని లేదు. ఈవీకి అయితే పూట పడుతుంది కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి, కనీసం 80 శాతం చార్జ్‌తో తీసుకురండి. ఆదివారం షెడ్డు ఉండదు.