ఇంటి చదువులకీ జూన్ వస్తాది సార్

ఎడిటర్ గారికి నమస్తే. జూన్ వస్తే చాలు పేపర్ నిండా స్కూల్ ఫీజులు, బస్సుల ఫిట్‌నెస్, అడ్మిషన్ల ప్రకటనలే. మంచిదే, కానీ పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే మాబోటోళ్లం నెల్లూరులో కూడా ఉన్నాం, మాకూ కొత్త సంవత్సరం ఇప్పుడే మొదలు.

మా పాప ఏడో క్లాసు, బాబు నాలుగు. రోహిణి కార్తె పోయినా ఈ ఊరి ఉక్క పోదు కదా, అందుకే పొద్దున ఆరింటికే లెక్కలు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించేస్తాం. పుస్తకాలు గవర్నమెంట్‌వే, ఒక పేజీ ఇంగ్లీషు ఎదురు పేజీ తెలుగు, పాపకి భిన్నాల లెక్క ఇంగ్లీషులో అర్థంకాకపోతే పక్కకి చూసుకుంటాది. వేలు పోసి సెట్లు కొనేది ఎందుకో నాకైతే తెలీదు. మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి పెద్ద పాఠాలన్నీ అప్పటికి నెట్టేశా, పెన్నా బ్యారేజీ, మైపాడు బీచ్ లాంటివి తిప్పి చూపించేది ఆలోపే. మొహర్రం నెలలో వచ్చే మా ఊరి రొట్టెల పండగ ఏటేటా ముందుకెందుకు జరుగుతాదమ్మా అని బాబు అడిగాడు, చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులే, మన క్యాలెండర్‌కి 11 తక్కువ అని ఇద్దరం గోడ క్యాలెండర్ మీద గీతలు కొట్టుకుంటా కూర్చున్నాం, ఆ రోజుకి అదే పాఠం.

ఇదంతా మేం చూసుకుంటాం. చుట్టాలు అడిగేది ఒకటే, రేపు టెన్త్ ఎట్ట రాస్తారు అని. 2009 విద్యా హక్కు చట్టంలో ఇంటి చదువు ఊసే లేదు, మరి దారి ఏందంటే, రోజూ బడికి పోకుండానే చదువుకుని పరీక్ష రాసే ఓపెన్ స్కూలే. ఎన్ఐఓఎస్‌లో, అంటే కేంద్రం ఓపెన్ స్కూల్లో, చిన్నపిల్లలకి ఎ, బి, సి అని మూడు లెవెల్స్ ఉన్నాయి, 3, 5, 8 క్లాసులకి సమానం, 14 నిండితే టెన్త్ కట్టుకోవచ్చు. మన రాష్ట్రానికి సొంత ఓపెన్ స్కూల్ కూడా 1991 నుంచి ఉంది. కనుక్కుందామని పోతే ఒక ఆఫీసులో అది ఫెయిలైన పిల్లలకమ్మా, మీకెందుకు అన్నారు! అట్ట అనుకోబట్టే ఎవరూ అడగరు.

అందుకని మీకు రాస్తున్నా. ఓపెన్ స్కూల్ అడ్మిషన్ నోటిఫికేషన్ వచ్చిన రోజు లోపలి పేజీలో రెండు లైన్లు వేసి వదిలేయకుండా చివరి తేదీ, ఫీజు, స్టడీ సెంటర్లు ఎక్కడెక్కడున్నాయో జిల్లా ఎడిషన్‌లో బాక్స్ కట్టి వెయ్యండి. చదువు మధ్యలో ఆపేసి రొయ్యల గుంటల కాడ పనికి పోయే పిల్లలకి కూడా అది పనికొస్తాది, నిజానికి మాకంటే వాళ్లకే ఎక్కువ.

- ఒక తల్లి, మూలాపేట, నెల్లూరు