చిన్ని మ్యాచ్ కబుర్లు

ఒరేయ్ రాజూ,

ఎలా ఉన్నావురా? ఫోన్లో అయితే సగం మర్చిపోతానని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. జిల్లా బ్యాడ్మింటన్ పోటీల్లో మా చిన్ని ఓడిపోయిందని మా ఆవిడ మీ ఇంట్లో చెప్పే ఉంటుంది. ఎలా ఓడిందో మాత్రం నేనే చెప్పాలి.

మూడో గేమ్‌లో 18-13తో ముందుంది. ఇంక మూడే పాయింట్లు. అప్పుడు ఒక సర్వీస్ నెట్‌కి తగిలి ఇవతలే పడింది. చిన్న తప్పే. కానీ పిల్ల తలెత్తి గ్యాలరీలో నా వైపు చూసింది. నేను నుదురు పట్టుకుని ఉన్నాను. అక్కణ్ణుంచి పాయింట్ పోయినప్పుడల్లా నా ముఖం చూడటమే. చివరికి 19-21. అలసిపోయి కాదురా, రోజూ వందసార్లు వేసే సర్వీసే అది. కాళ్ళు కోర్టులో ఉన్నాయి, మనసు నా దగ్గరుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక సింధు బాసెల్‌లో ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ మళ్ళీ చూశాను. అంతకుముందు 2017లో గ్లాస్గో ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారా మీద 110 నిమిషాలు పోరాడి, మూడో గేమ్ 20-22తో పోగొట్టుకుంది కదా. మనిద్దరం ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. మరుసటి ఏడాది మళ్ళీ ప్రపంచ ఫైనల్, ఈసారి స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. ఫైనల్ అంటే చాలు, 'సిల్వర్ సింధు' అనేవాళ్ళు. ఆ మాటలన్నీ మోసుకుంటూ 2019లో బాసెల్‌లో అదే ఒకుహారా ముందు నిలబడి 21-7, 21-7తో గెలిచింది. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్ళలో స్మాష్ బలం రెట్టింపు అవుతుందా చెప్పు? కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ దగ్గర ఆటకి పదును పెట్టుకున్న మాట నిజమే. అయినా ఆ రోజు పాత ఫైనళ్ళని కోర్టు బయటే వదిలేసి వచ్చిందనే నా నమ్మకం.

అదేమీ దానంతటదే రాదు. ఒకప్పుడు సింధు మెతకగా ఉండేదని, అకాడమీలో అందరి ముందూ కోర్టు మధ్యన నిలబెట్టి అరవమన్నారట కోచ్ గోపీచంద్. అరిస్తేగానీ రాకెట్ ముట్టుకోవద్దన్నారట. పిల్ల ఏడ్చేసింది. ఇప్పుడు పాయింట్ గెలిస్తే స్టేడియం దద్దరిల్లేలా అరుస్తుంది చూడు, అది అలా నేర్చుకున్నదే.

షూటర్ అభినవ్ బింద్రా సంగతి ఇంకా ఆశ్చర్యం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కి ముందు గురి సరిచూసుకుందామని తుపాకీ పేలిస్తే, పదికి దగ్గర్లో పడాల్సింది నాలుగు దగ్గర పడింది! మనమైతే అక్కడే కూలబడేవాళ్ళం. ఆయన తుపాకీ మీద గురి చూసే సైట్ సరిచేసుకుని మొదలుపెట్టాడు. చివరి షాట్‌కి ముందు ఫిన్లాండ్ షూటర్‌తో సమానంగా ఉన్నాడు. అవతలాయనకి 9.7 పడింది, ఈయనకి 10.8. టెన్షన్ లేకుండా ఉంటుందా? చేతిలో చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని వదల్లేదు, అంతే.

చిన్ని కోచ్ కూడా ఇదే పట్టుకున్నారు. పాయింట్ అయ్యాక షటిల్ తీసుకుని, చెదిరిన ఈకలు వేలితో సర్దాలి. నోటితో నెమ్మదిగా ఊపిరి వదలాలి. అవతలి కోర్టులో ఎక్కడ వేయాలో ఒక్క చోటు చూసుకుని సర్వీస్ చేయాలి. ప్రాక్టీస్ గేమ్ కూడా 18-18 నుంచే మొదలు, చుట్టూ పిల్లల్ని నిలబెట్టి గోల చేయిస్తూ! మొదట్రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిన్న చూస్తే, షటిల్ ఈకలు సర్దుతున్నంతసేపూ దాని కళ్ళు వేళ్ళ మీదే ఉన్నాయి. నాకు ఎంత సంతోషమేసిందో!

మనం బాల్ బ్యాడ్మింటన్ ఆడే రోజుల్లో మాస్టారు 'బంతి మీద కన్నుండాలిరా' అనేవారు గుర్తుందా? మనసు ఎలా పెట్టాలో మాత్రం మనకెవరూ చెప్పలేదు.

వచ్చే నెల తెనాలిలో పోటీలున్నాయి, తప్పకుండా రా. ఈసారి చిన్నికి కనపడకుండా వెనక స్తంభం పక్కన కూర్చుంటాను. నీకూ అక్కడే ఒక కుర్చీ ఆపుతాను.

నీ
వెంకట్