కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినల్స్ ఒకసారి చూడండి

రైడింగ్ మోవర్లు, అంటే కూర్చుని నడిపే గడ్డి కోత మిషన్లు వాడే మా కస్టమర్లందరికీ ఒక మాట. ఇకమీదట మీరు బ్యాటరీ మార్చమని మిషన్ తెచ్చినా మేం వెంటనే కొత్తది బిగించం. ముందు టెర్మినల్స్, అంటే వైర్లు బిగించే ప్లస్, మైనస్ కొనలు శుభ్రం చేసి, ఫుల్ చార్జింగ్ పెట్టి, లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగితే బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూడడం) చేశాకే ఏ సంగతో చెప్తాం. దీంతో మాకు బ్యాటరీల అమ్మకం తగ్గుతుంది, తగ్గినా ఫరవాలేదు. బాగున్న బ్యాటరీని పక్కన పడేయించి మీ దగ్గర డబ్బులు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

తాళం తిప్పితే టక్ టక్ మని చప్పుడొస్తుంది, లైట్లు వెలుగుతాయి, ఇంజిన్ మాత్రం తిరగదు. బ్యాటరీ పోయిందనే అనుకుంటాం ఎవరమైనా. సీటు ఎత్తి చూస్తే టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి, రాగి ఉన్నచోట నీలం పచ్చ కలిసిన చిలుము. లైటుకి కావలసిన కాస్త కరెంటు ఆ పొర దాటి వెళ్ళిపోతుంది గానీ సెల్ఫ్ మోటారు లాగే కరెంటు చాలా ఎక్కువ కాబట్టి అక్కడే ఆగిపోతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఒక కొన బ్యాటరీ టెర్మినల్ మీద, రెండోది దానికి బిగించిన వైరు కొన మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులకన్నా బాగా ఎక్కువ చూపిస్తే లోపం ఆ జాయింటులోనే.

శుభ్రం చేయడం ఇంట్లోనే అయిపోతుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ముందు మైనస్ వైరు విప్పాలి, తర్వాతే ప్లస్, ఎందుకంటే మైనస్ ఉండగా ప్లస్ విప్పుతూ స్పానర్ మిషన్ ఇనప చట్రం, అంటే ఛాసిస్‌కి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. గ్లాసు నీళ్ళలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి పోసి, నురుగు ఆగేదాకా ఉంచి, వైర్ బ్రష్‌తో లోహం మెరిసేలా రుద్దండి. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు, లోపలి యాసిడ్ పాడవుతుంది. మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక ఈసారి ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి పైన పల్చగా వ్యాసెలిన్ రాయండి.

ఇంత చేసినా పొడి త్వరగా మళ్ళీ వస్తోందంటే, కారణం వేరే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 15 వోల్టులు దాటుతుంటే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని చూపించాలి, ఓవర్‌చార్జ్ అయి యాసిడ్ ఆవిరి బయటికొస్తోందన్నమాట. డిస్టిల్డ్ వాటర్ నిండా పోసినా అంతే. నట్టు మరీ గట్టిగా బిగిస్తే టెర్మినల్ మొదట్లో పగుళ్ళొచ్చి లీకవుతుంది, వదులుగా ఉంటే మిషన్ అదురుకి ఇంకా వదులవుతుంది. వైరు తొడుగు లోపల కూడా రాగి నల్లబడి ఉంటే ఇక తోమి లాభం లేదు, వైరే మార్చాలి. ఛాసిస్‌కి బిగించే మైనస్ వైరు రెండో కొనని, అంటే ఎర్త్ కొనని ఎవరూ చూడరు, దాన్నీ తోమండి.

గడ్డి కోయని నెలల్లో మైనస్ విప్పేసి, నెలకోసారి చార్జింగ్ పెట్టండి. ఫుల్ చార్జ్ అయ్యి కాసేపు ఆగాక 12.6 వోల్టులకి తగ్గకూడదు.

బ్యాటరీ ఉబ్బినా పగిలినా మాత్రం చార్జింగ్ పెట్టొద్దు, అది మార్చాల్సిందే. పాతది చెత్తలో వేయకండి, సీసం, యాసిడ్ రెండూ ఉంటాయి, మాకు ఇచ్చేయండి, రీసైక్లింగ్‌కి పంపుతాం.