రమణకి, మేరీల్యాండ్ నుంచి

సిల్వర్ స్ప్రింగ్, ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మొన్న ఫోన్‌లో "అక్కడ అమెరికాలో ప్రెసిడెంటు మారితే ఆఫీసర్లంతా మారిపోతారటగా?" అని అడిగావు. పద్దెనిమిదేళ్లుగా రెవెన్యూలో ఉన్నవాడివి, నీకు రెండు ముక్కల్లో చెప్పి సరిపెట్టలేను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అందరూ మారరు రా. తపాలా వాళ్లని పక్కన పెడితే ఫెడరల్ ప్రభుత్వంలో మిలిటరీ కాని ఉద్యోగులు రమారమి 20 లక్షల మంది. అధ్యక్షుడు తన మనుషుల్ని పెట్టుకోగలిగే పదవులు అందులో సుమారు 4,000. వాటిలోనూ 1,200 పైచిలుకు పదవులకి ఇక్కడి ఎగువ సభ, అదే సెనేట్, ఒప్పుకోవాలి. మిగతావాళ్లు ఎవరు గెలిచినా మర్నాడు పొద్దున్నే వచ్చి అదే కుర్చీలో కూర్చుంటారు.

ఒకప్పుడు మాత్రం నువ్వన్నట్టే ఉండేది. 1829లో ఆండ్రూ జాక్సన్ వచ్చాక, గెలిచిన పార్టీ వాళ్లకే ఉద్యోగాలన్నది మామూలైపోయింది. పోస్ట్‌మాస్టర్ దగ్గర్నుంచి కస్టమ్స్ గుమస్తా దాకా అంతే. జీతంలో కొంత పార్టీకి చెల్లించాలి కూడా. పైరవీకారులు వైట్ హౌస్ గుమ్మంలోనే పడిగాపులు కాసేవాళ్లు. వాళ్లలో చార్లెస్ గిటో అని ఒకడు. తన ప్రసంగం వల్లే గార్‌ఫీల్డ్ అధ్యక్షుడిగా గెలిచాడని నమ్మాడు, బదులుగా పారిస్‌లో కాన్సల్ అనే దౌత్య ఉద్యోగం కావాలన్నాడు. ఇవ్వలేదు. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషన్‌లో అధ్యక్షుణ్ని కాల్చాడు. గార్‌ఫీల్డ్ రెండున్నర నెలలు నరకం అనుభవించి సెప్టెంబర్ 19న పోయాడు.

ఆ తర్వాత అధ్యక్షుడైన చెస్టర్ ఆర్థర్ ఎవరనుకున్నావు? న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసులో ఆ పైరవీల మధ్యే ఎదిగిన మనిషి. 1883 జనవరిలో, పరీక్ష పెట్టి ఉద్యోగాలివ్వాలన్న పెండిల్టన్ చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే! మొదట్లో పదింట ఒక వంతు ఉద్యోగాలకే వర్తించింది. పోనుపోను చాలావాటికి విస్తరించింది.

మన గ్రూప్-1 లాగా అందరికీ కలిపి ఒకే పెద్ద పరీక్ష ఉండదు. ఏ పోస్టుకి ఆ పోస్టే ప్రకటిస్తారు, ఆ పని తెలిసినవాళ్లే దరఖాస్తు పెట్టుకుంటారు. జీతాలకి జీఎస్ అని 15 గ్రేడులు, ఒక్కోదాంట్లో 10 మెట్లు. ఇవాళ సంక్షేమం, రేపు గనుల శాఖ అని తిప్పరు. మా పక్కింటాయన వాతావరణ శాఖలో చేరినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. 2018 డిసెంబర్‌లో కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, బడ్జెట్ తేలక ప్రభుత్వం మూతపడితే, 35 రోజులు జీతం లేకుండానే డ్యూటీకి వెళ్లాడు. మనవాళ్లు ఓటాన్ అకౌంట్ అని కొన్నాళ్ల ఖర్చుకి సభ అనుమతి తీసుకుని బండి నడిపిస్తారు కదా, ఇక్కడ అలాంటి తాత్కాలిక ఏర్పాటుకి కూడా ఒప్పందం కుదరకపోతే ఇంతే. డబ్బు తర్వాత ఇచ్చారులే, కానీ ఆ నెల ఆ ఇంట్లో టెన్షన్ నేను కళ్లారా చూశాను.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఫ్రాన్సెస్ కెల్సీ గురించి. 1960లో మందుల్ని అనుమతించే ఎఫ్‌డీఏలో డాక్టరుగా చేరింది. చేరిన నెలకే థాలిడొమైడ్ అనే నిద్రమందు ఫైలు ఆమె బల్ల మీదికొచ్చింది. యూరప్‌లో అప్పటికే ధారాళంగా అమ్ముతున్నారు, గర్భిణులకీ ఇస్తున్నారు. కంపెనీ ఇచ్చిన ఆధారాలు చాలవంది ఆమె. వాళ్లు ఫోన్లు చేశారు, మనుషుల్ని పంపారు, పైవాళ్లకి ఫిర్యాదు చేశారు. ఆమె మళ్లీ మళ్లీ అదే అడిగింది: ఇంకా ఆధారాలు తెండి. ఏడాది దాటాక బయటపడింది, ఆ మందు వేసుకున్న తల్లులకి చేతులూ కాళ్లూ సరిగ్గా ఏర్పడని పిల్లలు పుడుతున్నారని. ప్రపంచం మొత్తం మీద 10,000 మందికి పైగా. అమెరికాలో అప్పట్లో ఆ మందు దుకాణాలకి రానేలేదు. 1962లో అధ్యక్షుడు కెనడీ ఆమెని పిలిచి పతకం ఇచ్చాడు, అదే ఏడు మందుల చట్టాన్నీ బిగించారు. తొంభై ఏళ్లొచ్చేదాకా, 2005 వరకూ, ఆమె అక్కడే పనిచేసింది.

ఇది చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ఆ చెరువు పోరంబోకు ఫైలు మీద సంతకం పెట్టనన్నందుకు నెల తిరక్కుండా నిన్ను ఎక్కడికి విసిరేశారో నాకు తెలుసు కదా. కెల్సీని ఎవరూ బదిలీ చేయలేదు రా. పైఅధికారులు ఆమె వెనకే నిలబడ్డారు. రాజకీయ కారణాలతో తీసేస్తే అప్పీలు చేసుకోవడానికి 1978 చట్టం ప్రత్యేకంగా ఒక బోర్డునే పెట్టింది. పని చేయనివాణ్ని తీసేయడం దీనివల్ల కష్టమైందని ఇక్కడివాళ్లు విసుక్కుంటారు, అందులోనూ నిజముంది. అయినా ఈ రక్షణ ఉండాలనే నేనంటాను.

ఇప్పుడదే గొడవ. విధానాల మీద పనిచేసే వేలమందిని తేలిగ్గా తొలగించేలా ట్రంప్ 2020 అక్టోబర్‌లో షెడ్యూల్ ఎఫ్ అని ఒక ఆర్డర్ ఇచ్చారు. 2021లో బైడెన్ రద్దు చేశారు. 2025లో ట్రంప్ తిరిగి రాగానే పేరు కాస్త మార్చి మళ్లీ తెచ్చారు. రేపు ఇంకో కెల్సీ ఫైలు ఆపితే ఏమవుతుందో అని నాకు నిజంగా దిగులుగా ఉంది. ఎఫ్‌డీఏ ప్రధాన కార్యాలయం ఇప్పుడు మా ఊళ్లోనే ఉంది. కారులో ఆ గేటు ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా ఆ ఫైలే తలపుకొస్తుంది.

కోర్టులో నీ బదిలీ కేసు ఎంతవరకు వచ్చింది? లాయరు ఏమన్నాడో వివరంగా రాయి. సంక్రాంతికి వస్తున్నా, టికెట్లు తీశాను.

నీ
శీను