బట్టీ దగ్గర కలిసిన కాలనీ: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి మన కాలనీ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక దీనికి జత చేశాం, నోటీసు బోర్డుకూ అంటించాం. అందుకే ఇక్కడ అంకెల జోలికి ఎక్కువ వెళ్ళడం లేదు. మామూలు పనులు మామూలుగానే జరిగాయి. ఆరిపోయిన వీధిదీపాలు మార్పించాం, వానలకు ముందే కాలువల్లో పూడిక తీయించాం, పార్కు గోడకు రంగు వేయించాం. సీసీ కెమెరాల సంగతి ఇంకా తేలలేదు, సభలో మాట్లాడుకుందాం. ఈ ఏడాది మన సమయం, మన మాటలు, కొంచెం మన తగాదాలు కూడా బిస్కెట్ల చుట్టూనే తిరిగాయి కనుక నివేదికలో ఎక్కువ భాగం వాటిదే.

ఇదంతా మొదలైంది మే నెల గంగ జాతరలో. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా తిరుపతి వాళ్ళు ఊరు దాటి రాత్రి బయట ఉండకూడదన్నది ఆనవాయితీ. కాబట్టి ఆ వారం అందరూ ఊళ్ళోనే దొరికారు. పార్కు దగ్గర అంబలి పోయడానికి ఆడించిన రాగిపిండి బాగా మిగిలిపోయింది. ఎండల్లో నిలవ ఉంచితే పురుగు పడుతుంది, పంచితే ఇంటికి గుప్పెడు కూడా రాదు. ‘‘బేకరీలో ఇచ్చి బిస్కెట్లు కాల్పిద్దాం. అమ్మితే వచ్చిన డబ్బు రోగులకు తోడు వచ్చి ఆసుపత్రుల దగ్గర పడుకునేవాళ్ళకు పనికొస్తుంది’’ అని మూడో వీధి అక్క ఒకరు అన్నారు.

యాభై దాటినవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. పిండి, చక్కెర, డాల్డా గిన్నెల్లో పెట్టుకుని బేకరీకి పోయి, కిలోకు ఇంతని కూలి ఇచ్చి బిస్కెట్లు కాల్పించుకోవడం ఒకప్పుడు పండగ పనుల్లో ఒకటి. మన రోడ్డు మూలన ఉన్న బేకరీలో ఇటుకలతో కట్టిన బట్టీ ఇంకా నడుస్తూ ఉండడం మన అదృష్టం. రొట్టెలకు గట్టి వేడి కావాలి. రొట్టెలు, బన్నులు దించాక దిగిపోయే వేడి బిస్కెట్లకు సరిగ్గా సరిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం ఎట్లాగూ వృథాగా పోయే ఆ వేడిని బేకరీ యజమాని మనకు వదిలారు. కట్టెల ఖర్చు అడగలేదు, మాస్టర్ కూలి మాత్రమే తీసుకున్నారు.

ఒట్టి రాగిపిండితో బిస్కెట్టు నిలబడదు. రాగిలో గ్లూటెన్ ఉండదు, అందుకే పట్టు రాదు, చేతిలోకి తీసుకోగానే పొడైపోతుంది. చివరికి కుదిరిన లెక్క ఇది: 600 గ్రాముల రాగిపిండి, 400 గ్రాముల గోధుమపిండి, అరకిలో నెయ్యి, అరకిలో బెల్లం పొడి, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, కొంచెం యాలకుల పొడి. పట్టు చాలకపోతే చల్లని పాలు చిలకరించాలి. రాగిపిండిని ముందు సన్న సెగ మీద వేయించకపోతే పచ్చివాసన పోదు. ఇంట్లో చిన్న ఓవెన్ ఉన్నవాళ్ళు 160 డిగ్రీల దగ్గర పద్దెనిమిది ఇరవై నిమిషాలు ఉంచితే చాలు.

అసలు కష్టం కాలిందో లేదో తెలుసుకోవడంలో ఉంది. మైదా బిస్కెట్టయితే అంచు ఎర్రబడగానే తెలిసిపోతుంది. రాగి పిండి రంగే ముదురు, కళ్ళు నమ్మడానికి లేదు. మాస్టర్ రేకు బయటికి లాగి, మధ్యలో ఉన్న బిస్కెట్టు ఒకటి తిరగేసి అడుగున గోటితో గీకుతాడు. పొడిగా రాలితే అయినట్టు, గోటికి అంటుకుంటే ఇంకో రెండు నిమిషాలు. మనవాళ్ళు మొదట్లో వేడి రేకు మీదనుంచే తీయబోతే, ‘‘అమ్మా, ఇప్పుడు ముట్టుకోవద్దండి, చల్లారితేనే గట్టిపడేది’’ అని ఆయన అరవని ఆదివారం లేదు. ఇప్పుడు ఆ మాట మన పిల్లలు పెద్దవాళ్ళకు చెబుతున్నారు.

జులై సమావేశంలో ఒక సీనియర్ సభ్యుడు అడిగిన ప్రశ్న ఇక్కడ రాయాలి, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న. ‘‘తలా ఐదొందలు వేసుకుంటే ఒక్క పూటలో పోయే పని కదా, ఇంత పిండి పిసకడం ఎందుకు?’’ డబ్బు వరకే చూస్తే ఆయన అన్నది నిజమే. కానీ చందా పుస్తకం పట్టుకుని బయలుదేరినప్పుడు మనం ఎవరి తలుపులు తడతామో గుర్తు చేసుకోండి. సొంత ఇళ్ళవాళ్ళవి, అందులోనూ కిందటేడు ఇచ్చినవాళ్ళవి. అద్దెకున్నవాళ్ళను అడగం, ‘ఎన్నాళ్ళుంటారో’ అనుకుంటాం. యూనివర్సిటీ చదువులకు వచ్చి మేడ మీద గదుల్లో ఉండే పిల్లల్ని అసలు లెక్కలోకే తీసుకోం. పిండి జల్లించడానికి మనిషి కావాలన్నప్పుడు మొదట వచ్చింది వాళ్ళే. అయిదు వందలు ఇవ్వలేని ఇల్లు ఒక ఆదివారం సాయంత్రం ఇవ్వగలదు. మూడేళ్ళుగా మనమధ్యే ఉంటున్న ఒక నర్సమ్మ పేరు చాలామందికి ఈ ఏడాదే తెలిసింది. ఆసుపత్రి దగ్గర ఏం ఇవ్వాలో, ఏం ఇవ్వకూడదో మనకు నేర్పింది కూడా ఆమే.

అలిపిరి రోడ్డులో రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. కడప, నెల్లూరు వైపు నుంచి, పక్కన తమిళనాడు నుంచి కూడా రోగులు వస్తారు. 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం మొదలయ్యాక గుండె జబ్బున్న పసిపిల్లల్ని ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులు పెరిగారు. వైద్యం ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు మీద జరిగిపోయినా, తోడు వచ్చినవాళ్ళ తిండి, పడక, కూలి పోగొట్టుకున్న రోజులు ఏ కార్డులోకీ రావు. మొదట మనం బిస్కెట్లే పంచుదామనుకున్నాం. నర్సమ్మ వద్దన్నారు. ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాల్సిన పిల్లవాడి చేతికి ఎవరో ప్రేమగా బిస్కెట్టు ఇస్తే ఏమవుతుందో ఆమె చెప్పాక ఎవరూ మాట్లాడలేదు. అందుకని బిస్కెట్లు కాలనీలోనే అమ్ముతాం, వచ్చిన డబ్బుతో వస్తువులు కొంటాం.

ఏ వస్తువులన్నది మారుతూ వచ్చింది. మొదటి సంచుల్లో చాప, దుప్పటి, సబ్బు, టవలు పెట్టాం. దాంతోపాటు ఊరికి తిరిగిపోయే బస్సు చార్జీ. ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకపోయేసరికి చార్జీల పద్దు బాగా తగ్గింది. ఇప్పుడది మగవాళ్ళకు, రాష్ట్రం దాటి పోయేవాళ్ళకు మాత్రమే. మిగిలిన డబ్బు ఎటు మళ్ళించాలో ఒక తల్లి చెప్పింది. సంచి తీసుకుని, లోపల చూసుకుని, ‘‘ఫ్లాస్కు ఉంటే ఇయ్యండన్నా, రాత్రి పన్నెండింటికి బిడ్డకు పాలు కలపాలంటే వేన్నీళ్ళు దొరకవు, టీ కొట్లు మూసేస్తారు’’ అంది. అప్పటినుంచి ప్రతి సంచిలో స్టీలు ఫ్లాస్కు పెడుతున్నాం. అన్నిటికంటే ఖరీదైనది అదే, ఎక్కువమంది అడిగేదీ అదే. సంచి ఇస్తూ ఫొటోలు తీయకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఇద్దరు ముగ్గురు సభ్యులు నొచ్చుకున్నారు, అయినా తీర్మానం అట్లాగే ఉంటుంది.

ఇక నియమాల సంగతి. తినే వస్తువు తయారుచేసి అమ్ముతున్నాం కాబట్టి, అది దానధర్మం కోసమే అయినా, ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మనం చేయించిన నాటికి, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న తయారీదారులకు లైసెన్సు అక్కర్లేకపోయింది, రిజిస్ట్రేషన్ సరిపోయేది. అప్పటి ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ 14 అంకెల నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలన్నది, గోధుమ, పాలు ఉన్నాయన్న హెచ్చరిక ప్రతి పాకెట్ మీదా వేస్తున్నాం. ‘షుగర్ వాళ్ళకు మంచిది’ అని కూడా వేయమని కొందరు పట్టుబట్టారు. వేయలేదు. రాగిలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉన్న మాట నిజమే, కానీ మన బిస్కెట్లలో కిలో పిండికి అరకిలో బెల్లం ఉంది. బెల్లం తిన్నా షుగర్ పెరుగుతుంది. అమ్మకం కోసం అబద్ధం రాయలేం.

అమ్మకం డబ్బు సంఘం ఖాతా క్యూఆర్ కోడ్‌కే రావాలి, ఎవరి సొంత ఫోన్‌కూ కాదు. నగదు ఇస్తే అక్కడికక్కడే రసీదు. మన సంఘానికి ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు లేదు కాబట్టి విరాళాల మీద పన్ను మినహాయింపు రాదు. ఈ సంగతి రసీదు మీదే అచ్చు వేయించాం.

తగాదాల్లో పెద్దది గుడ్డు గురించి. క్రిస్మస్‌కు ప్లమ్ కేకు చేద్దామన్నారు. గుడ్డు లేకుండా కేకేమిటని ఒక పక్షం, ఉంటే మేం ముట్టుకోమని ఇంకో పక్షం. చివరికి ఎండు ద్రాక్ష, చెర్రీలు ద్రాక్షరసంలో నానబెట్టి, పెరుగు, వంటసోడాతో చేశారు. పెరుగులో పులుపు సోడాను పొంగిస్తుంది, గుడ్డు చేసే పనిలో కొంత అది చేస్తుంది. కొంతే. కేకు బరువుగా వచ్చింది, అయినా అమ్ముడుపోయింది. మడి పాటించే ఇళ్ళ పెద్దావిడలు బేకరీలో కాల్చింది తినరు. తినకపోయినా రాగులు ఏరడానికి, పిండి వేయించడానికి వారం వారం వచ్చారు, వాళ్ళు వేయించిన పిండి మాడిన దాఖలా లేదు. మగవాళ్ళ హాజరు మాత్రం రేకులు బయటికి వచ్చే వేళకు ఎక్కువగా కనిపించింది. దీని మీద అధ్యక్షులవారు స్వయంగా సభలో మాట్లాడతానన్నారు.

నవంబరు, డిసెంబరు వానల్లో బెల్లం బిస్కెట్లు ఆపేశాం. బెల్లం గాలిలో తేమ పీల్చి రెండు రోజుల్లో మెత్తబడుతుంది. ఆ రెండు నెలలూ పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర వేసిన కారం బిస్కెట్లే నడిచాయి. నిజం చెప్పాలంటే ఎక్కువ గిరాకీ వాటికే. వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు ఊళ్ళో రద్దీ వల్ల అమ్మకం బల్ల పెట్టలేదు. మార్చిలో పరాభవ ఉగాది, రంజాన్ ఒకే వారంలో పడ్డాయి. బేకరీకి ఊపిరాడని సమయం, మనకు బట్టీ దొరకదనుకున్నాం. రెండో వీధి ఖాన్ బాయ్ ఇంటివాళ్ళు తమ పండగ బిస్కెట్ల కోసం ముందే చెప్పిపెట్టుకున్న వంతులో సగం మనకు ఇచ్చారు. పదో తరగతి పరీక్షల వల్ల పిల్లలు రాలేదు, ఆ లోటు బాగా తెలిసింది.

వచ్చే ఏడాదికి సభ ముందున్న ప్రశ్న ఒకటే. సంఘం సొంతంగా పెద్ద కరెంటు ఓవెన్ కొనాలని పదిమంది సభ్యులు రాసిచ్చారు. కార్యవర్గం అభిప్రాయం వద్దనే. కొంటే దానికో గది, త్రీఫేజ్ మీటరు, చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ డబ్బుకు ఫ్లాస్కులు వస్తాయి. పైగా బేకరీ మాస్టర్ లేకుండా రేకు ఎప్పుడు లాగాలో చెప్పేవాళ్ళు మనలో ఇంకా తయారు కాలేదు. అయినా నిర్ణయం సభదే. అనుకూలంగా ఉన్నవాళ్ళు ధరల వివరాలతో రావాలి.

సర్వసభ్య సమావేశం తేదీ నోటీసులో ఉంది. ఈసారి అద్దెకున్నవాళ్ళు కూడా రావచ్చు, మాట్లాడవచ్చు. మన నిబంధనావళి ప్రకారం ఓటు మాత్రం సభ్యులకే, దాన్ని మార్చే ప్రతిపాదన ఎజెండాలో చేర్చాం. బిస్కెట్లు తీసుకెళ్ళిన స్టీలు డబ్బాలు చాలా ఇళ్ళలోనే ఉండిపోయాయి. పేర్లు చదవడం బాగుండదు కాబట్టి, సభకు వచ్చేటప్పుడు ఎవరి దగ్గరున్నవి వాళ్ళు మూతలతో సహా తెచ్చివ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి