చుక్క రక్తం వార్తలకు ఇంకో రెండు వాక్యాలు కలపండి

సంపాదకులు గారికి,

చుక్క రక్తంతో నిమిషాల్లో క్యాన్సర్ తెలిసిపోతుందని మీరు వేసిన వార్త కటింగ్ పట్టుకుని ఈమధ్య ఒకావిడ మా ల్యాబ్ కౌంటర్‌కు వచ్చారు. ఆ టెస్టు ఇక్కడ చేస్తారా అని అడిగారు. అది ఇంకా పరిశోధన దశలోనే ఉందండీ అంటే నమ్మలేదు. "పేపర్లో వేశారు కదా" అన్నారు. ఆవిడ తప్పేం లేదు.

వార్త అబద్ధమని నేననను. గ్రాఫీన్, కార్బన్ డాట్లతో (కంటికి కనిపించనంత చిన్న కార్బన్ రేణువులు) వెలుగునిచ్చే సెన్సర్లు చేస్తున్న మాట నిజమే. ఆ వెలుగు పద్ధతి మాకు పాతదే. ఎలక్ట్రోకెమిల్యూమినెసెన్స్, పొట్టిగా ఈసీఎల్. థైరాయిడ్, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) టెస్టులు చేసే పెద్ద మెషీన్లు కొన్ని దీనిమీదే నడుస్తాయి. మనం వెతికే ప్రోటీన్‌ను రుథేనియం అనే లోహం తగిలించిన యాంటీబాడీ (ఆ ప్రోటీన్‌కే అతుక్కునే మరో ప్రోటీన్) పట్టుకుంటుంది. ఎలక్ట్రోడ్‌కు కాస్త వోల్టేజీ ఇవ్వగానే నారింజ ఎరుపు వెలుగు వస్తుంది. బయటి నుంచి లైటు వేసే పని లేదు కాబట్టి చుట్టూ చీకటే, అందులో కొంచెం మెరిసినా లెక్కకొస్తుంది.

ఇందులోకి కార్బన్ ఎందుకొచ్చిందంటే, చోటు కోసం. గ్రాఫీన్ అంటే పెన్సిల్ గ్రాఫైట్‌లో ఒకే ఒక్క పొర, మందం ఒక పరమాణువు. దానిమీద 2004లో మొదలైన పనికి గైమ్, నోవోసెలోవ్‌లకు 2010లో నోబెల్ వచ్చింది. ఒక్క గ్రాము గ్రాఫీన్ రెండువైపులా కలిపితే, కాగితం మీద లెక్క ప్రకారం 2,600 చదరపు మీటర్లు దాటుతుంది. అంత జాగా ఉంటే యాంటీబాడీలు ఎక్కువ పడతాయి, కరెంటూ బాగా పారుతుంది. కార్బన్ డాట్లయితే తామే వెలుగుతాయి, కాడ్మియం లాంటి విషలోహంతో పని లేదు.

చిక్కల్లా రక్తంతోనే. కొత్త సెన్సర్‌ను ముందుగా శుభ్రమైన బఫర్‌లో, అంటే ల్యాబ్‌లో కలుపుకునే ఉప్పు ద్రావణంలో, తెలిసిన మోతాదులో ప్రోటీన్ కలిపి చూస్తారు. మా దగ్గరికొచ్చే శాంపిళ్లు అలా ఉండవు. సెంట్రిఫ్యూజ్‌లోంచి తీసి ట్యూబులు వరసగా నిలబెడితే సీరం (రక్తంలోంచి కణాలు పోగా పైన తేలే ద్రవం) లేత పసుపు రంగులో ఉండాలి. ఒకటి గులాబీగా కనిపిస్తుంది, రక్తం తీసేటప్పుడు కణాలు పగిలాయన్నమాట. ఇంకొకటి కొవ్వుతో పాలలా తెల్లగా ఉంటుంది. పైగా రక్తంలో ఉన్న ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లు గ్రాఫీన్ మీద దొరికిన చోటల్లా అతుక్కుంటాయి. మేలు చేస్తుందనుకున్న జాగాయే అప్పుడు తంటా. గ్రాఫీన్ పొరను గొట్టంలా చుట్టినట్టుండే కార్బన్ నానోట్యూబుల్లోనైతే తయారీలో వాడిన లోహం కాస్త మిగిలిపోవచ్చు. ఒక బ్యాచ్‌లో వచ్చిన రీడింగ్ ఇంకో బ్యాచ్‌లో రాకపోతే రిపోర్టు మీద సంతకం ఎవరు పెడతారు?

అనుమతులున్న టెస్టులే ఒక్కోసారి దెబ్బతింటాయి. జుట్టు, గోళ్ల కోసం వేసుకునే బిళ్లల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. చాలా టెస్టుల్లో యాంటీబాడీని పట్టి ఉంచే జిగురు కూడా బయోటినే. రక్తంలో అది ఎక్కువైతే ట్రోపోనిన్ తక్కువగా చూపించవచ్చు, అంటే గుండెపోటు వచ్చినా రానట్టే. అలా ఒక రోగి చనిపోయినట్టు తెలిశాక 2017 నవంబరులో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. బఫర్‌లో ఎన్నిసార్లు చూసినా ఇది బయటపడేది కాదు.

ఫెమ్టోగ్రాములు (నానోగ్రాములో పది లక్షల వంతు) కూడా పట్టేస్తుందని వార్తల్లో గొప్పగా రాస్తారు. ట్రోపోనిన్‌కైతే ఆ సున్నితత్వం పనికొస్తుంది, చిన్న పెరుగుదల ముందే తెలుస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చూసే పీఎస్‌ఏ అనే ప్రోటీన్ సంగతి వేరు. అక్కడ దాటితే అనుమానించాలని చాలాకాలంగా వాడుతున్న గీత మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు, అంటే 40 లక్షల ఫెమ్టోగ్రాములు. కొలవడం అక్కడ సమస్యే కాదు. క్యాన్సర్ లేకుండా ఒట్టి వాపు ఉన్నా పీఎస్‌ఏ పెరుగుతుంది. ఎంత మంచి గ్రాఫీన్ తెచ్చినా ఆ తేడా చెప్పదు.

పరిశోధకులను తప్పుపట్టడం లేదు. కొత్త సెన్సర్ చేస్తే పేరొస్తుంది, ఉన్న సెన్సర్‌ను వందలమంది రక్తంలో పరీక్షిస్తే రాదు. నిధులిచ్చేవాళ్లు ఆ రెండో పనికి విడిగా డబ్బు కేటాయించాలి. మీనుంచి కోరేది చిన్నదే. రోగుల రక్తంలో చూశారా, చూస్తే ఎంతమందిలో? ఇప్పుడు వాడుతున్న టెస్టుతో పోల్చారా? ఈ రెండూ అడిగి, వచ్చిన జవాబు వార్తలో రాయండి. హెడ్‌లైన్‌లో చోటు లేకపోతే మొదటి పేరాలో వేసినా చాలు.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్